పళ్ళక్క బుడగలు

ఆ వీధిలో అందరూ ఆమెను పళ్ళక్క అనేవాళ్ళు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, బత్తాయిలో అరటిపళ్ళో అమ్ముతుంది కాబోలనుకుని సంచీ పట్టుకొచ్చిన రోజులున్నాయి. అలా వచ్చినవాళ్ళకి ఆమె తన పని గది తలుపు బార్లా తీసి గోడకున్న అలమర చూపించేది. అలమర నిండా తెల్లటి ప్లాస్టరు దవడలు. పై దవడలు, కింది దవడలు, ముందు పళ్ళు రెండే మిగిలినవి, ఒక్కటీ మిగలనివి, అన్నీ నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చుని ఉండేవి.

"ఏ రకం కావాలండీ?" అని అడిగేది, మొహంలో నవ్వన్నది కనపడనివ్వకుండా.

ఆమె పని కట్టుడు పళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ వెనక పొడుగాటి గది ఒకటుంది. పందొమ్మిదో ఏట ఆ గదిలోకి వచ్చింది, యాభై ఒకటి దాటినా అందులోనే ఉంది. చేరిన రోజున అక్కడి పెద్ద మేస్త్రి ఆమె చేతిలో మైనం ముద్ద పెట్టి, "నీ చిటికెన వేలి గోరు చేసి చూపించు" అన్నాడు. చేసింది. ఆయన దాన్ని తన వేలి మీద పెట్టుకుని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. ఆయన పోయాక రెండు కుర్చీలూ ఆమెవే అయ్యాయి.

డాక్టరమ్మ ముందు గదిలో మనిషి నోటి అచ్చు తీసి పంపితే, పళ్ళక్క అందులో ప్లాస్టరు పోసి దవడ తీసేది. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి, మొత్తాన్నీ మళ్ళీ ప్లాస్టరులో పాతిపెట్టేది. వేడినీళ్ళలో పెడితే లోపలి మైనం కరిగి పోతుంది. మైనం ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి గులాబీరంగు ముద్ద కూరి ఉడికిస్తే గట్టిపడి చిగురవుతుంది. ప్లాస్టరు పగలగొట్టి, మెత్తటి రాతిపొడితో మెరుగు పెడితే పని పూర్తి. ఇన్ని పనులూ అయ్యేసరికి ఆ గులాబీరంగు ధూళి ఆమె కనుబొమ్మల్లోకి, జుట్టులోకి, చెవి మడతల్లోకి చేరిపోయేది. సాయంత్రం వీధిలో నడిచొస్తుంటే ఎండ వెనకనుంచి పడి, మనిషి చుట్టూ సన్నటి గులాబీ పొగ కదులుతున్నట్టుండేది.

"వచ్చిందమ్మా గులాబీ దయ్యం" అనేది గుమ్మంలో కూర్చున్న అత్తగారు.

ఆ అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. నోట్లో ఒక్క పన్ను లేదు. ఊరందరికీ పళ్ళు కట్టే కోడలు ఇంట్లో ఉండగా ఈవిడ బోసినోటితో తిరగడం చూసి జనం ముక్కున వేలేసుకునేవాళ్ళు. తప్పు కోడలిది కాదు. పెళ్ళయిన కొత్తలో, పరాయివాళ్ళ నోళ్ళలోవన్నీ పట్టుకునే ఆ పని మానెయ్యమని అత్తగారు పట్టుపట్టింది. కోడలు మానలేదు. మాటా మాటా పెరిగి, "చచ్చినా సరే నీ చేతి పళ్ళు నా నోట పెట్టను" అనేసింది అత్తగారు. అప్పటికి ఆవిడకి ముప్ఫైరెండూ ఉన్నాయి గనక ఆ మాట అనడం తేలికైంది. తరవాత పళ్ళు పోయాయి, కోపమూ పోయింది, మాట మాత్రం మిగిలిపోయింది. కొడుకు పోయిన ఈ తొమ్మిదేళ్ళలో ఇద్దరూ ఒకరికొకరు చెయ్యీ కాలూ అయిపోయారు. అయినా పళ్ళ మాటెత్తితే, "అన్నమాట అన్నమాటే" అని మొహం తిప్పుకునేది. అన్నం మెత్తగా పిసికి పెట్టడం కోడలికి అలవాటైపోయింది.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం మూడింటి వేళ, క్లినిక్‌కి ఒక పోలీసాయన వచ్చాడు.

నిండైన విగ్రహం. మీసాలు దువ్వుకున్న తీరు చూస్తే వీధి వీధంతా సర్దుకుని నిలబడుతుంది. ముందు పన్ను ఒకటి తీయించుకోవాలి. వెనక గదికి ఆనుకుని ఉన్న వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. గదికీ వసారాకీ మధ్య కిటికీ అద్దం ఉంది. అటువైపు నుంచి చూస్తే ధూళి పట్టి ఏమీ కనపడదు, ఇటువైపు నుంచి పళ్ళక్కకి అన్నీ కనపడతాయి. ఆయన టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. దవడ ఆడిస్తూ ఏదో నములుతున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, పెదాలు ముందుకు చాపి, బుడగ ఊదాడు.

బబుల్ గమ్ము. గులాబీరంగు. ఆమె చేతిలో ఉన్న మైనం ఏ రంగో సరిగ్గా అదే రంగు.

బుడగ నిమ్మకాయంత అయింది, బత్తాయంత అయింది, ఇంకా పెరిగింది. మీసాలు కనపడలేదు, ముక్కు కనపడలేదు. వసారా కిటికీలోంచి వాలుగా వచ్చే ఎండ అందులోకి దూరి, లోపల దీపం పెట్టినట్టయింది. పళ్ళక్క చేతిలో పని ఆగిపోయింది. గోడగడియారం కొట్టుకోవడం కూడా మానేసిందేమో అనిపించింది. ఆ పెద్దమనిషి భయమంతా, ఊపిరంతా బయటికొచ్చి, ఆయన మొహం ముందు గుండ్రంగా, మెత్తగా, మెరుస్తూ వేలాడుతోంది.

టప్.

మీసాలకి అతుక్కున్న గమ్ము గబగబా పీక్కుని, టోపీ సర్దుకుని, ఆయన మళ్ళీ పోలీసైపోయాడు. లోపలికి పిలిచారు, వెళ్ళాడు.

పళ్ళక్కకి మాత్రం ఆ రోజు మరి పని సాగలేదు. అంత చక్కనిది రెండు క్షణాలు కూడా నిలవకపోవడం ఏమిటన్న దిగులు పట్టుకుంది. పళ్ళు ఊడిన నోట్లో పళ్ళు నిలబెట్టడమే కదా తన బతుకంతా చేసింది. పోయినదాని చోటు పోకుండా పట్టుకోవడం తనకి తెలిసిన విద్యే. మరి దీన్నెందుకు పట్టలేను అనుకుంది.

ఆదివారం నాడు వంటింట్లో మొదలుపెట్టింది. గమ్ము బుడగ మీద ప్లాస్టరు పోస్తే చప్పబడిపోయింది. ఫ్రిజ్‌లో పెడితే ముడుచుకుపోయింది. నోళ్ళ అచ్చుల కోసం వాడే మెత్తటి మైనంలో గమ్ము కరిగించి కలిపింది. రోజూ జనం నోళ్ళలోకి వెళ్ళే మైనమే కాబట్టి దానివల్ల హాని లేదు. పాళ్ళు కుదరడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

"నా పాలగిన్నె!" అని కేకపెట్టింది అత్తగారు. "యాభై నిండాయి, ఇప్పుడా నీకు చూయింగ్ గమ్ము?"

"కొత్త గిన్నె కొంటాలే అత్తయ్యా."

"గిన్నె సంగతి తరవాత. ముందు నీకేం పట్టిందో చెప్పు."

పళ్ళక్క గిన్నె తోమడం మొదలుపెట్టింది. ఆ వారాల్లో ఆమెకి ఒకే కల మళ్ళీ మళ్ళీ వచ్చేది. తెలియని వీధి, రెండు వైపులా మేడలు, ప్రతి కిటికీలోంచీ గులాబీరంగు బుడగ ఒకటి మెల్లగా ఉబ్బుతూ బయటికొస్తుంది. లోపల ఎవరున్నారో కనపడరు. చప్పుడుండదు. ఆమె తల ఎత్తుకుని కింద నడుస్తూ ఉంటుంది. నడక ఎక్కడా ఆగదు, వీధీ అయిపోదు. లేచాక కాసేపు నేల గట్టిగా ఉండటమే వింతగా తోచేది.

చివరికి కిటుకు దొరికింది. మైనంలో ఊదిన బుడగ గాలి తగిలితే నిలవదు, చన్నీళ్ళు తగిలితే బిగుసుకుంటుంది. ఒకళ్ళు ఊదుతుంటే, ఇంకొకళ్ళు మంచునీళ్ళ గిన్నె గడ్డం కిందికి ఎత్తి, సరిగ్గా అదను చూసి బుడగను ముంచాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే పోయినట్టే. తరవాతి పనంతా ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. బుడగ లోపలా బయటా ప్లాస్టరు పోసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీ ముద్ద నింపి గట్టిపరచడం, ప్లాస్టరు వదిలించి మెరుగు పెట్టడం.

పోలీసాయన కొత్త పన్ను పెట్టించుకోవడానికి వచ్చినప్పుడు పళ్ళక్క ఆయన్ని వెనక గదిలోకి పిలిచింది.

"మొన్న మీరు బుడగ ఊదారు కదా?"

ఆయన మొహం కందిపోయింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అద్దంలోంచి నేనే చూశాను."

"అక్కా, మీకు దణ్ణం పెడతాను, స్టేషన్లో మాత్రం తెలియనివ్వకండి. పన్ను పీకుతారంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. ఏదో ఒకటి నమలకపోతే కాళ్ళు నిలవవు."

"చెప్పను. కానీ ఇంకొక్కటి ఊదాలి. నాకోసం."

ఆయన గదంతా కలయజూశాడు. అలమరలో దవడలన్నీ ఆయన్నే చూస్తున్నట్టున్నాయి. "పోలీసువాణ్ణే బెదిరిస్తున్నారా అక్కా?" అన్నాడు నీరసంగా.

"అలాగే అనుకోండి" అంది పళ్ళక్క, మైనం ముద్ద అందిస్తూ.

మూడోసారికి కుదిరింది. వారం తరవాత ప్లాస్టరు పగలగొడితే బయటపడిన బుడగ దబ్బపండంత ఉంది. నిండుగా, గర్వంగా, ఒక బుగ్గలాగా ఉంది. మెడ దగ్గర, పెదాలు ఆనిన చోట, మీసాల వెంట్రుకల గీతలు సన్నగా పడ్డాయి. దాన్ని చెక్క దిమ్మ మీద నిలబెట్టి కిటికీలో పెట్టింది. ఎండ లోపలికి దూరింది. ఈసారి టప్ అనలేదు. సాయంత్రందాకా అలాగే ఉంది. మర్నాడు వచ్చి చూసినా అలాగే ఉంది.

పోలీసాయన వచ్చి, టోపీ చంకలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇదేనా నేను?" అన్నాడు. మీసం దువ్వుకుని, "బానే ఉన్నాను" అన్నాడు.

డాక్టరమ్మ దాన్ని ముందు గదిలో బల్ల మీద పెట్టించింది. పళ్ళు పీకించుకోవడానికి వచ్చి వణుకుతూ కూర్చునేవాళ్ళు దాన్ని చూసి నవ్వేవాళ్ళు. అది ఫలానా మనిషి ఊదిన ఊపిరని తెలిశాక, నాదీ తియ్యమని అడిగేవాళ్ళు. వీధి చివర టైలరు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునీ పట్టుకునీ ఆయన బుడగ సన్నగా, కోలగా వచ్చింది. పాటల టీచరమ్మ ఊదుతూనే పోయింది, గిన్నె చాలక బకెట్టు తేవాల్సొచ్చింది. క్లినిక్ ఊడ్చే ఆయమ్మ బుడగ చిన్నదే గానీ, పట్టుకుంటే ఎక్కడా వంకర తగలనంత గుండ్రం. నెలలు నిండిన ఒకమ్మాయి ఊదిన బుడగకి అడుగున ఒక సొట్ట పడింది. కడుపులో బిడ్డ అప్పుడే తన్నిందట.

మొహాలు వేరైనట్టే మనుషుల ఊపిరి కూడా వేరని పళ్ళక్కకి అప్పుడు తెలిసింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళని చూసి వీళ్ళది ఎలా ఉంటుందో అనుకునేది. కునికిపాట్లు పడే గుమాస్తా నోటి ముందు, మాట్లాడుకుంటున్న ఆడపిల్లల నోళ్ళ ముందు, కనపడని బుడగలు ఉబ్బి అణగడం ఆమె కళ్ళకి కట్టినట్టుండేది. దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులూ ఉన్నాయి.

అప్పుడు కళాకారుల బొమ్మలు ప్రదర్శనకి పెట్టే హాలు నడిపే ఒకావిడ పన్ను నొప్పితో వచ్చింది. బుగ్గ వాచిపోయి ఉంది. లోపలికి పిలిచినా వెళ్ళకుండా బల్ల మీది బుడగ ముందు నిలబడిపోయింది. 

"ఇది పాప్ ఆర్టండీ, రోజూ చూసే సామాన్లనే కళగా చేసి చూపిస్తారే, అది" అంది వాచిన నోటితో.

"ఆర్టో ఏమో తెలీదండీ" అంది పళ్ళక్క. "బబుల్ గమ్ము."

"అదే నేననేది కూడా. ఇలాంటివాటికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్ళున్నారు. ఎన్ని ఉన్నాయి?"

పదకొండున్నాయి. నెల తిరిగేసరికి ఆ పదకొండూ ఆవిడ హాల్లోకి చేరాయి. ప్రదర్శన మొదలైన రోజు మధ్యాహ్నం పళ్ళక్క అత్తగారిని వెంటపెట్టుకుని వెళ్ళింది.

ఆ హాలు గడపలోనే ఇద్దరూ ఆగిపోయారు. నేల పాలలా తెల్లగా ఉంది, గోడలూ అంతే. ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. మధ్యలో నిలువెత్తు లాలీపాప్ ఒకటి, ఎర్రటి చారలు చుట్టుకుంటూ లోపలికి లాగుతున్నట్టు. దాని పక్కన గదంత గాజు గోళీ. లోపల పచ్చటి తీగ మెలికలు తిరిగి నిద్రపోతోంది. పైకప్పు నుంచి మంచమంత ఈల వేలాడుతోంది. ఇంకో మూల రంగు పెన్సిలు ముక్క ఒకటి దూలంలా వాలి ఉంది. అవన్నీ ఎవరెవరో చేసినవి. వాటి మధ్యన నడుస్తుంటే తామిద్దరూ చీమలంత అయిపోయి ఏ పిల్లదో ఆటసామాను పెట్టెలో పడ్డట్టనిపించింది. అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చివరి గదిలో పదకొండు బుడగలూ పదకొండు దిమ్మల మీద ఉన్నాయి. ఒక్కోదాని కింద చిన్న కాగితం. ఒకటి, పోలీసు. రెండు, టైలరు. ఇలా. పేర్లు లేవు.

కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన దగ్గరికొచ్చాడు. ఇలాంటి బొమ్మలు సేకరించడమే ఆయనకి లోకమట. ఇంట్లో మెట్ల మీద కూడా ఖాళీ లేదట. రెండో దిమ్మ చూపిస్తూ, "ఇది వస్తువ్యామోహం మీద మీరు విసిరిన వ్యంగ్యం. అవునా?" అన్నాడు.

"కాదండీ" అంది పళ్ళక్క. "మా వీధి చివర టైలరు."

ఆయన ఇంకోసారి వంగి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. "అవును, టైలరే" అన్నాడు మెల్లగా. ఆ టైలరుని ఆయనే తీసుకెళ్ళాడు.

పళ్ళక్క బుడగలు ఒక్కోటీ ఒక్కో ఇంటికి వెళ్ళాయి. ఒక్కో ఊపిరికీ ఒక్కటే బుడగ, రెండోది ఉండదు. అందుకని సేకరించేవాళ్ళు మరీ పోటీ పడ్డారు. తరవాతిది ఎవరిదని ఫోన్లు చేసేవాళ్ళు. ఆమె మాత్రం పొద్దున్నంతా పళ్ళే చేసేది. మధ్యాహ్నం నుంచే బుడగలు. తిండి తినలేక కూర్చున్నవాళ్ళని ఆగమనడం ఆమెవల్ల కాదు.

ప్రదర్శన చూసి వచ్చినప్పట్నుంచీ అత్తగారు ముభావంగా ఉంది. నాలుగోరోజు పొద్దున్న, కోడలు పాలు కాస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని అంది:

"వాడిది లేదు కదే."

పళ్ళక్క గరిట ఆపింది. ఎవరిదని అడగలేదు. తన భర్త మంచి ఈల వేసేవాడు. మేడ మీది నుంచి వేస్తే వీధి మలుపు దగ్గరకి వినపడేది. అది విని, ఇంట్లో ఉన్నాడన్నమాట అనుకుంటూ ఆమె అడుగు తొందరగా వేసేది.

"వాడున్నప్పుడు నీకీ తెలివి రాలేదే" అంది అత్తగారు. నిష్ఠూరంగా కాదు. వాన పడుతోందే అన్నట్టు అంది.

"రాలేదు అత్తయ్యా."

పాలు పొంగాయి. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. స్టవ్వు ఆర్పింది అత్తగారే.

"సరే. నాది తియ్యి" అంది.

"మీదా?"

"ఏం, నాకు ఊపిరి లేదా?"

"ఊపిరికేం, పుష్కలం. కానీ గమ్ము పట్టి ఆపడానికి ముందు పళ్ళు ఉండాలి. బోసినోట్లోంచి జారిపోతుంది."

అత్తగారు గడప మీది పగులు వేలితో గీస్తూ కూర్చుంది. చివరికి, "ఆ మాట అన్నది నేనే కదా. వెనక్కి తీసుకునేది కూడా నేనే. మధ్యలో నీకేం బాధ? పళ్ళు కట్టు" అంది.

ఆ పళ్ళు చేసినంత శ్రద్ధగా పళ్ళక్క ఇంకే పళ్ళూ చెయ్యలేదు. అచ్చు తీస్తున్నప్పుడు అత్తగారు రెండుసార్లు డాక్టరమ్మ వేలు కొరికింది, చిగుళ్ళతోనే. పెళ్ళినాటి పాత ఫొటో బయటికి తీసి, ముందు పళ్ళ మధ్య ఉండే సన్నటి సందు కూడా అలాగే పెట్టింది పళ్ళక్క. మూడు వారాలకి సెట్టు నోట్లో పెట్టి అద్దం ఇస్తే, ఆవిడ అద్దంలోకి చూసి, "ఎవరే ఈవిడ?" అంది. తరవాత పెదాలు విప్పి, సందు చూసుకుని, అద్దం బోర్లించేసింది. కాసేపటికి మళ్ళీ తిప్పింది.

ఊదడం నేర్పే పని పోలీసాయన మీద పడింది. డ్యూటీ దిగి వస్తూ, రోజూ సాయంత్రం ఒక అరగంట గుమ్మం ముందు కూర్చునేవాడు. యూనిఫాంలో ఆయన, పక్కన ముడతల మొహంతో ఆవిడ, ఇద్దరూ దవడలాడిస్తూ. దారినపోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. ఆయనకి సిగ్గు ఎప్పుడో పోయింది.

"నాలిక ముందుకు తొయ్యండి మామ్మగారూ. అదీ. ఇప్పుడు మెల్లగా వదలండి. తిట్టేటప్పుడు వదిలినట్టు కాదు, మెల్లగా."

"తిట్టకుండా ఊపిరి వదలడం నాకు అలవాటు లేదు నాయనా."

పదిహేను రోజులకి ఉసిరికాయంత బుడగ వచ్చింది. వీధంతా చప్పట్లు కొట్టింది.

అసలు రోజున వెనక గదిలో కుర్చీ వేశారు. పళ్ళక్క మంచునీళ్ళ గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఏడుసార్లు పోయింది. ఎనిమిదోసారి కోడిగుడ్డంత బుడగ నిలిచింది. పళ్ళక్క గిన్నె ఎత్తుతుండగా, అత్తగారికి కోడలి మొహం మరీ దగ్గరగా కనపడింది. కనుబొమ్మల్లో గులాబీ ధూళి, బిగబట్టిన మూతి, మెల్లకన్ను పడేంత ఏకాగ్రత. చూసి ఆవిడకి నవ్వాగలేదు. ఆ నవ్వు లోపలికి పోయి, బుడగ పక్కన ఇంకో చిన్న బుడగ పొడుచుకొచ్చింది. అంతలో నీళ్ళు తగిలాయి.

మెరుగు పెట్టాక చూస్తే, అంతవరకూ చేసిన పాతికలోనూ అలాంటిది లేదు. కాస్త ఎడమకి ఒరిగిన గుడ్డు, దాని భుజాన బఠాణీ గింజంత నవ్వు. మెడ దగ్గర రెండు ముందు పళ్ళ గుర్తు, మధ్యలో సందు.

దీన్ని ఇవ్వను అనుకుంది పళ్ళక్క. ఇంట్లో అలమరలో పెట్టింది. కానీ బొమ్మల హాలావిడ వచ్చి చూసింది, ఫొటో తీసింది. సముద్రం అవతల ఎక్కడో, ఓడలకి దారి చూపే దీపస్తంభం పక్కన ఉండే ఒక పెద్దావిడ ఆ ఫొటో చూసి, వెంటనే ఉత్తరం రాసింది. అది తన దగ్గర ఉంటే తనకి తోడుగా ఉంటుందని రాసింది.

"ఇది అమ్మేది కాదండీ" అంది పళ్ళక్క.

"ఎవరిది ఎవరు కాదంటున్నారు?" అంది అత్తగారు లోపలి నుంచి. బయటికొచ్చి నిలబడింది. "నేను పుట్టి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఈ ఇల్లు, ఆ మార్కెట్టు, డాక్టరు. సముద్రం ఒక్కసారి కూడా చూడలేదు. నా ఊపిరైనా వెళ్ళి చూస్తానంటే నువ్వు అలమరలో పెట్టి తాళం వేస్తావా?"

"అది మీరు... నా దగ్గర..." అంది పళ్ళక్క.

"నీ దగ్గర నేనున్నాను కదే, పిచ్చిమొహమా. మొత్తం మనిషిని. ఇంకా ఎందుకు నీకు ముక్కలు?"

పంపించారు. దూదిలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టి. ఆ తరవాత నెలరోజులూ అత్తగారికి అదే ధ్యాస. అన్నం తింటూ ఆగి, "ఇప్పుడు ఓడ మీదుందంటావా?" అనేది. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, "చలిగా ఉందే అక్కడ" అనేది. ఒకసారి కళ్ళు మూసుకునే ఉండి, "నీళ్ళు అన్ని వైపులా ఉన్నాయి. ఒడ్డన్నదే లేదు. భయం వెయ్యట్లేదు" అంది. కలవరిస్తోందనుకుంది పళ్ళక్క. కాదు, మెలకువగానే ఉంది.

ఫొటో వచ్చింది. రాతి కిటికీలో బుడగ, వెనక బూడిదరంగు సముద్రం. వెలుతురు అందులోంచి దూరి, కిటికీ గట్టు మీద చిన్న గులాబీ మచ్చ పడింది. అత్తగారు ఆ ఫొటోని అద్దం దగ్గర పెట్టుకోలేదు, గోడకి తగిలించలేదు. దిండు కింద పెట్టుకుంది. పగటి నిద్ర ఆ తరవాత ఇంకాస్త పెరిగింది. లేచాక ఆవిడ మొహం ఎక్కడికో వెళ్ళొచ్చినవాళ్ళ మొహంలా ఉండేది.

ఒక ఆదివారం, వెనక గది సర్దడానికి ఇద్దరూ వెళ్ళారు. అత్తగారు ఎవరెవరి బుడగలు తీసిందీ కోడలు రాసుకున్న పట్టిక పుస్తకం తిరగేస్తూ, పోలీసు, టైలరు, ఆయమ్మ, పాటల టీచరు అంటూ వరసగా చదువుకుంటూ పోయింది. ముప్ఫై నాలుగు దాకా వచ్చి ఆగింది.

"నీదేదే ఇందులో?"

"నాదా? నేను ఊదితే గిన్నె ఎవరు పట్టుకుంటారు?"

"నేను లేనూ?"

"మీ చేతులు వణుకుతాయి అత్తయ్యా."

"వణికితే వణికాయి. కూర్చో."

పళ్ళక్క కూర్చుంది. బుడగ ఊదేవాళ్ళకి వేసే ఆ కుర్చీలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడినుంచి చూస్తే గది కొత్తగా ఉంది. కిటికీ ఇంత పెద్దదా అనుకుంది. మైనం నోట్లో పెట్టుకుంటే తియ్యగా, వెచ్చగా ఉంది. కళ్ళు మూసుకుని ఊదింది. తన లోపలినుంచి ఏదో మెల్లగా, బరువు లేకుండా వెళ్ళిపోతోంది. దూరంగా ఎక్కడో చన్నీళ్ళు గలగలమన్నాయి. "ఉండు, కదలకు, కదలకు" అంటోంది అత్తగారు. గిన్నె వణుకుతోంది. నీళ్ళు ఒళ్ళో ఒలికాయి, మెడ మీద పడ్డాయి, ఇద్దరి బట్టలూ తడిశాయి. మిగిలిన నీళ్ళలో బుడగ మునిగింది.

ప్లాస్టరు వదిలించి చూస్తే బుడగంతా సన్నటి అలలు. గిన్నె వణికిన ప్రతి వణుకూ దాని మీద పడింది.

"నా వల్ల పాడైందే" అంది అత్తగారు. "ఆ గీతలన్నీ నున్నగా గీకెయ్యి."

పళ్ళక్క ఒక అల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది. మెరుగు చక్రం ఆపేసి, బుడగని అలాగే కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది.